వారపు సంతలో బతికున్న కోళ్ళు, బాతులు, పిట్టలు: మూసేయించాలా, నియమాలు పెడితే చాలా?

సంత_బేరం:

మా మండలంలో వారానికో రోజు జరిగే సంతలో ఒక వరస మొత్తం బతికున్నవే. నాటు కోళ్ళు, బాతులు, గిన్నె కోళ్ళు, కౌజు పిట్టలు, కుందేళ్ళు. అక్కడే కోసి, అక్కడే ఈకలు పీకి ఇస్తారు. బర్డ్ ఫ్లూ వార్త వచ్చినప్పుడల్లా మూసేయమని కొందరు, తాతల నాటి నుంచి ఉన్నదే కదా అని ఇంకొందరు. గ్రామసభకు ఒక పేజీ నోటు ఇవ్వాలి. తెలిసినవాళ్ళు చెప్పండి:

వైరస్ అడవి పిట్టల నుంచో గబ్బిలాల నుంచో వస్తుందంటారు కదా, మరి సంత చేసే తప్పేమిటి? వేరే దేశాల్లో పెట్టిన నియమాల్లో, పనిచేసిందని లెక్కలు తీసి చూపినవి ఏవి? బ్లీచింగ్ ఎంత, ఎలా వాడాలి?

కోవిడ్ ఎక్కడ పుట్టిందన్న వూహాన్ గొడవ ఇక్కడ వద్దు, దయచేసి.

ల్యాబ్_కోటు:

మీ మొదటి ప్రశ్నకు జవాబు: వైరస్ సంతలో పుట్టదు, సంతలో పెరుగుతుంది. నోటులో తొలి వాక్యం ఇదే పెట్టండి. మిగతా నియమాలన్నీ దీని మీదే నిలబడతాయి.

దక్షిణ వియత్నాంలో పొలం ఎలుకలను తింటారు. పట్టినవాటిని బతికుండగానే వ్యాపారులు కొని, పెద్ద మార్కెట్లకు, అక్కడి నుంచి హోటళ్ళకు చేరుస్తారు. 2013-14లో ఈ దారి పొడవునా నమూనాలు తీసి కరోనా వైరస్‌ల కోసం వెతికారు. వ్యాపారుల దగ్గర 20.7 శాతం ఎలుకల్లో దొరికితే, పెద్ద మార్కెట్లలో 32 శాతం, హోటళ్ళలో 55.6 శాతం. అవే పొలాల ఎలుకలు, మధ్యలో గడిచింది కొద్ది రోజులే. ఆ వైరస్‌లు మనుషులకు సోకుతాయని తేలిన రకాలు కావు, ఆ మాట కూడా రాయండి, లేకపోతే సభలో అనవసరంగా కంగారు పుడుతుంది. ఇక్కడ చూడాల్సింది చేయి మారిన ప్రతిసారీ శాతం పెరగడం. (మన యానాదులు పొలంలో పట్టిన ఎలుకను గట్టు మీదే కాల్చుకుంటారు. చేతులు మారేది లేదు, కాబట్టి ఈ లెక్క వాళ్ళకు వర్తించదు.)

సార్స్ (కరోనా జాతి వైరస్‌తో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కథా ఇదే. 2002 నవంబరులో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో మొదలై 8,096 మందికి సోకి 774 మందిని చంపింది. షెన్‌జెన్ మార్కెట్లో అమ్ముతున్న హిమాలయ పునుగు పిల్లుల్లో, నక్కను పోలిన ఒక రకూన్ డాగ్‌లో ఆ వైరస్ దొరికింది. దాని మూలాలు మాత్రం లాడం ముక్కు గబ్బిలాల్లో ఉన్నాయి. మరి పునుగు పిల్లుల పాత్ర ఎంత? ఫారాల్లో పెంచేవాటిని పరీక్షిస్తే పదింట ఒకదానిలో యాంటీబాడీలు (వైరస్ సోకిందని రక్తంలో మిగిలే గుర్తులు), గ్వాంగ్‌జౌ మార్కెట్లో ఉన్నవాటిలో దాదాపు ఐదింట నాలుగింటిలో. ఫారం నుంచి మార్కెట్‌కు వచ్చాకే అంటుకుందన్నమాట. తిరుమల పునుగు తైలం గుర్తొచ్చి భయపడేవాళ్ళుంటారు, ఆ జాతి వేరు.

అదే గ్వాంగ్‌డాంగ్‌లో 2003లో జంతువులమ్మే 508 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సార్స్ యాంటీబాడీలు కనబడ్డాయి. ప్రధానంగా పునుగు పిల్లులమ్మేవాళ్ళలో అయితే 72.7 శాతం. వాళ్ళలో ఎవరికీ సార్స్ వచ్చినట్టు నమోదు కాలేదు. "ఏళ్ళ తరబడి అమ్ముతున్నాం, మాకేం కాలేదు" అనే వాదన సభలో తప్పకుండా వస్తుంది, అప్పుడు ఈ అంకె పనికొస్తుంది.

ఎందుకు పెరుగుతుందంటే: ప్రయాణంలో నీళ్ళు, మేత లేక ఒత్తిడికి రోగనిరోధక శక్తి పడిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన బుట్టల్లో పైదాని రెట్ట కిందిదాని మీద పడుతుంది. ఇన్‌ఫ్లుయెంజా సోకిన కోడి ఒకటి రెండు రోజుల్లోనే తానూ వైరస్ వదలడం మొదలెడుతుంది. కాబట్టి పొద్దున వచ్చి సాయంత్రానికి అమ్ముడుపోయిన కోడి అంటించుకున్నా పంచలేదు. మూడు రోజులు నిలవున్న కోడి పంచుతుంది.

కొల్లేరు_కొంగ:

రెండో ప్రశ్నకు హాంకాంగ్‌ను మించిన పాఠం లేదు. పదేళ్ళకు పైగా ఒక్కో నియమం పెడుతూ, ప్రతిసారీ మార్కెట్ల నుంచి నమూనాలు తీసి చూశారు.

1997లో అక్కడ హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ రకం మొదటిసారి మనుషులకు సోకింది. 18 మందికి వస్తే ఆరుగురు పోయారు. డిసెంబరు ఆఖర్లో నగరంలోని కోళ్ళన్నిటినీ, 13 నుంచి 15 లక్షల దాకా, చంపేశారు. తరవాత వ్యాపారాన్ని మళ్ళీ మొదలెట్టనిచ్చారు కానీ బాతులనూ పెద్ద బాతులనూ కోళ్ళతో కలిపి అమ్మనివ్వలేదు. వాటిని వేరే చోట కోసి, చల్లబరిచిన మాంసంగానే దుకాణాలకు పంపాలన్నారు. బాతు పైకి ఆరోగ్యంగా కనబడుతూనే వైరస్‌ను మోయగలదు కాబట్టి.

2001లో మార్కెట్లలో మళ్ళీ హెచ్5ఎన్1 కనబడింది. ఆ జులై నుంచి నెలకో సెలవు రోజు పెట్టారు. ఆ రోజుకల్లా పక్షులన్నీ ఖాళీ కావాలి, దుకాణం కడిగి ఆరబెట్టాలి. 2003లో దాన్ని నెలకు రెండు చేశారు. మధ్యలో కౌజు పిట్టలను కూడా కోళ్ళ దుకాణాల నుంచి తప్పించారు. మీ సంతలో ఉన్నాయన్నారు కాబట్టి దీన్ని విడిగా చెబుతున్నా. పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ పట్టుకోగల కొక్కేలు కౌజు శ్వాసనాళంలో ఉంటాయి. 1997 హెచ్5ఎన్1 లోపలి జన్యువులను పోలినవే కౌజుల్లో ఉండే హెచ్9ఎన్2 అనే మరో బర్డ్ ఫ్లూ రకంలో దొరికాయి. కోళ్ళ బుట్ట పక్కన కౌజుల బుట్ట ఉండకపోవడం అన్నిటికంటే చవకైన నియమం.

2008 జూన్‌లో మళ్ళీ వైరస్. అప్పుడు తెచ్చిన నియమమే ముఖ్యం: రాత్రి 8 నుంచి పొద్దున 5 దాకా ఏ దుకాణంలోనూ బతికున్న కోడి ఉండకూడదు. మిగిలినవాటిని 8 లోపు కోసేయాలి. 2003 నుంచి కోళ్ళకు హెచ్5 టీకా వేస్తున్నారు కాబట్టి ఫలితాన్ని హెచ్5తో కాకుండా, టీకా లేని హెచ్9ఎన్2తో కొలిచారు. రాత్రి నిలవ ఆపాక కోళ్ళలో అది దొరకడం 84 శాతం తగ్గింది. సెలవు రోజులతో కూడా తగ్గింది కానీ, కొత్త సరుకు దిగిన కొన్నాళ్ళకు వైరస్ మళ్ళీ చేరేది. మరో సంగతి, ప్రభుత్వం పరిహారమిచ్చి చాలామంది దగ్గర లైసెన్సులు వెనక్కి తీసుకుంది. పరిహారం లేకుండా అంత సాఫీగా జరిగేది కాదు.

సంత_బేరం:

బాగా వివరించారండీ. అయితే మాది వారానికి ఒక రోజే. మిగిలిన ఆరు రోజులూ అక్కడ పురుగు కూడా ఉండదు. అంటే హాంకాంగ్ కంటే మాదే నయం కదా?

గంప_కింద_కోడి:

సంత ఖాళీ అవుతుంది, గంప ఖాళీ కాదు. పొరపాటు అక్కడే జరుగుతోంది.

మారుబేరగాడు మీ ఊరి సంతలో ఉదయం 40 కోళ్ళతో కూర్చున్నాడనుకోండి. సాయంత్రానికి 12 మిగిలాయి. వాటిని రాత్రికి ఇంటి దగ్గర గంప కింద మూసి, తెల్లారి పక్క మండలం సంతకు కొత్తగా కొన్న 30తో కలిపి తీసుకెళ్తాడు. ఎల్లుండి ఇంకో ఊరు. వారం తిరిగేసరికి అదే గంపలో ఆరు ఊళ్ళ కోళ్ళు కలిసి ఉంటాయి, వాటిలో రెండు మూడు మొదటి రోజు నుంచీ ఉన్నవే. పైన చెప్పిన మూడు రోజుల నిలవ అంటే అదే. మీ చుట్టుపక్కల సంతలన్నీ కలిపితే హాంకాంగ్ దుకాణం లాంటిదే ఒకటి, కాకపోతే చక్రాల మీద తిరుగుతోంది. రాత్రి ఆ కోళ్ళు వ్యాపారి ఇంటి పెరటి కోళ్ళతో కలవడం అదనం.

అందుకని నియమాన్ని సంత స్థలానికి కాదు, గంపకు పెట్టండి. సంతకొచ్చిన పక్షి బతికి తిరిగి వెళ్ళకూడదు. అమ్ముడుపోవాలి, లేదా ముగిసే వేళకు కోసి ఐసు మీద వెళ్ళాలి. ఆఖరి గంటన్నరలో ధర తగ్గించి అమ్ముకోవడం వ్యాపారులకు అలవాటే, ఆ వేళకు కోసే మనిషిని, 20 కిలోల ఐసును సిద్ధంగా ఉంచితే సరిపోతుంది. పెంచుకోవడానికి పుంజును కొన్నవాళ్ళ మాటేమిటంటే, ఇంటికెళ్ళాక 14 రోజులు మిగతా కోళ్ళకు దూరంగా, వేరే నీళ్ళ గిన్నెతో కట్టేయమని చెప్పండి. సంక్రాంతి ముందు ఇది ఇంకా అవసరం. వలస బాతులు కొల్లేరులో దిగి ఉండే రోజులు, పందెం పుంజులు ఊళ్ళు తిరిగే రోజులు ఒక్కటే.

చేతికర్ర:

ఇన్ని తంటాలెందుకు, మూసేస్తే పోలా? 2013లో షాంఘై అదే చేసింది కదా.

కొల్లేరు_కొంగ:

చేసింది, పనిచేసింది కూడా. హెచ్7ఎన్9 అనే ఇంకో బర్డ్ ఫ్లూ రకం కేసులను 2013 మార్చి 31న ప్రకటిస్తే ఏప్రిల్ 6న షాంఘైలో బతికున్న కోళ్ళ మార్కెట్లు మూశారు. షాంఘై, హాంగ్‌జౌలలో రోజువారీ సోకడం 99 శాతం తగ్గిందని లెక్కతేలింది. ఆ వైరస్ అప్పట్లో కోళ్ళను జబ్బుపడేసేది కాదు కాబట్టి, "చచ్చిన కోళ్ళు కనబడితే చూద్దాం" అని కూర్చుని ఉంటే చాలా నష్టం జరిగేది. కానీ అది జబ్బు వ్యాపిస్తున్నప్పుడు చేసే పని. ఏడాది పొడవునా మూసేస్తే, లేదా ఒక్క ఊళ్ళోనే మూస్తే, సరుకు మూయని ఊరికి మళ్ళుతుంది. చైనాలో హెచ్7ఎన్9 కొత్త జిల్లాలకు అలా కూడా పాకిందని తరవాతి విశ్లేషణల్లో తేలింది. మూయాల్సి వస్తే పక్క మండలాలన్నీ ఒకే రోజు మూయాలి.

ల్యాబ్_కోటు:

ఇక మూడో ప్రశ్న, బ్లీచింగ్. జనం ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: రెట్ట మీదే తెల్లగా పొడి చల్లి వెళ్ళిపోతారు. క్లోరిన్ రెట్టతో, రక్తంతో కలిసి అక్కడే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా చేరదు. పైగా రెట్టలోని అమ్మోనియాతో కలిస్తే కళ్ళు మండించే క్లోరమిన్ ఆవిర్లు వస్తాయి. కడగడమే ముఖ్యం, బ్లీచింగ్ ఆఖరి పని.

వరస ఇది. ముందు నేలను నీళ్ళతో తడపాలి. పొడిగా ఊడిస్తే దుమ్ము లేచి ఊడ్చేవాడి ముక్కులోకే పోతుంది. తడిసిన రెట్టను, ఈకలను పారతో గీకి సంచిలో కట్టాలి. తరవాత సబ్బు పొడి నీళ్ళతో గట్టి బ్రష్షు పెట్టి రుద్దాలి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, సబ్బుతో అదే పగిలిపోతుంది. సగం పని ఇక్కడే అయిపోతుంది. కడిగి నీరు ఓడ్చాక బ్లీచింగ్ ద్రావణం పోయాలి.

కొలత: 10 లీటర్ల బకెట్‌కు 150 గ్రాముల పొడి. మంచి పొడిలో 30 నుంచి 33 శాతం క్లోరిన్ ఉంటుంది, అప్పుడు ద్రావణం 0.5 శాతానికి వస్తుంది. ముందు కొద్ది నీళ్ళలో ముద్దలా కలిపి, తరవాత మిగతా నీళ్ళు పోసి, తేరాక పైనున్న తేట నీరే వాడండి. నేల కనీసం పది నిమిషాలు తడిగా ఉండాలి. ఎండలో ముందే ఆరిపోతే మళ్ళీ పోయాలి. ఇనుప సామాను, తూకం రాళ్ళు తుప్పు పడతాయి, వాటిని తరవాత మంచినీళ్ళతో కడగాలి. ద్రావణాన్ని ఏ రోజుకారోజే కలపాలి. మూతి విప్పి నెలలు గడిచిన బస్తాలో ఘాటు వాసన రాకపోతే అది ముగ్గుకు తప్ప దేనికీ పనికిరాదు. ఫినాయిల్, యాసిడ్ బ్లీచింగ్ ద్రావణంతో కలపొద్దు. చేతికి తొడుగులు, కాళ్ళకు గమ్ బూట్లు, ముక్కుకు మాస్కు.

కర్ర బల్లలు, వెదురు గంపలను ఎంత కడిగినా పగుళ్ళలో తడి మిగులుతుంది. ప్లాస్టిక్ క్రేట్లకు మారడం మంచిది. మారలేకపోతే గంపలను కడిగి రోజంతా ఎర్రటి ఎండలో బోర్లించాలి. చల్లగా, తడిగా ఉన్న రెట్టలో (4 డిగ్రీల దగ్గర) హెచ్5ఎన్1 నెల దాటి బతుకుతుంది, 37 డిగ్రీల దగ్గర కొద్ది రోజులే. మన ఎండ మనకు చుట్టమే, నీడలో మురుగు కాలువ మాత్రం శత్రువు.

ఇంకోటి, అన్నిటికంటే ప్రమాదమైన చోటు కోసేచోటు. రెక్కలు కొట్టుకునే కోడిని తెరిచిన డ్రమ్ములో పడేసినా, మూతలేని ఈకల మిషన్‌లో తిప్పినా సన్న తుంపర లేస్తుంది. కోడిని తలకిందులుగా పట్టే కోన్‌లో పెట్టి కోయాలి, మిషన్‌కు మూత ఉండాలి. జబ్బు కోళ్ళను కోసిన ప్రయోగాల్లో, మూతపెట్టిన పాత్రలో లేదా ప్లాస్టిక్ సంచిలో ఉంచి చేస్తే గాలిలోకి వెళ్ళే వైరస్ బాగా తగ్గింది. కొనేవాళ్ళను, ముఖ్యంగా పిల్లలను, అక్కడికి రెండు మీటర్ల దూరంలో తాడు కట్టి ఆపండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఒక చిన్నారి హెచ్5ఎన్1తో చనిపోయింది. అంతకుముందు పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని తేలింది. ఉడికిన మాంసంతో భయం లేదు, 70 డిగ్రీలు చాలు, మన కూర అంతకంటే చాలా ఎక్కువే ఉడుకుతుంది.

గంప_కింద_కోడి:

సంచిలో కట్టిన రెట్ట, పేగులు చివరికి ఎటు పోతాయో కూడా రాయండి. చేపల చెరువులకు కోళ్ళ వ్యర్థాలు వేయడం కృష్ణా, పశ్చిమ గోదావరిలో జరిగే పనే, నిషేధం ఉన్నా. చెరువు మీద వాలే నీటి పిట్టలకు అది విందు, అలా జబ్బు మళ్ళీ ఎగిరిపోతుంది. సంత చివర గుంత తీసి, వ్యర్థాల మీద సున్నం చల్లి, మట్టి కప్పాలి. కుక్కలు తవ్వకుండా పైన అర మీటరు మట్టికి తక్కువ ఉండకూడదు. తాగునీటి బోరుకు దూరంగా.

తోకచుక్క:

అందరూ తప్పించుకుంటున్నారు గానీ, వూహాన్ సంగతి చెప్పకుండా ఈ నోటు పూర్తి కాదు. అది మార్కెట్టా, ల్యాబా?

ల్యాబ్_కోటు:

అడిగినవారు వద్దన్నారు కాబట్టి నాలుగు మాటలే. తేలలేదు. 2025 జూన్‌లో డబ్ల్యూహెచ్‌ఓ సలహా బృందం చెప్పింది: ఇప్పటిదాకా దొరికిన ఆధారాలు ఎక్కువగా జంతువుల వైపే మొగ్గుతున్నాయి, అడిగిన సమాచారం చైనా ఇవ్వలేదు కాబట్టి ల్యాబ్ కోణాన్ని కొట్టిపారేయలేం. వూహాన్‌లో 2017 మే నుంచి 2019 నవంబరు దాకా 17 దుకాణాల్లో 38 జాతుల జంతువులు 47,381 అమ్ముడయ్యాయన్నది మాత్రం లెక్కున్న సంగతి.

మీ నోటుకు అందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది. వూహాన్‌లోని హువానాన్ మార్కెట్‌ను 2020 జనవరి 1న మూసి శుభ్రం చేయించారు. తరవాత 18 జాతుల జంతువుల నుంచి 457 నమూనాలు పరీక్షిస్తే ఒక్కదానిలోనూ వైరస్ లేదు. కానీ అసలు అనుమానించాల్సిన రకూన్ డాగ్‌ల నమూనా వాటిలో లేనేలేదు. సంతలో పక్షులు అనుమానంగా చస్తే కడిగే ముందే నమూనాలు తీయించాలి. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య సంచార వాహనం వస్తుంది. గొంతు, వెనక ద్వారం స్వాబ్‌లతో పాటు నరికే చెక్క, నీళ్ళ తొట్టి, ఈకల మిషన్, మురుగు కాలువ నుంచి కూడా తీయమని అడగండి. నమూనాలు 4 డిగ్రీల చల్లదనంలో రెండు మూడు రోజుల్లో ల్యాబ్‌కు చేరాలి. ఇంట్లో ఫ్రిజ్ పైభాగంలో గడ్డకట్టిస్తే వైరస్ దెబ్బతిని పరీక్ష తప్పు చూపొచ్చు. నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ పశు వ్యాధుల సంస్థలో జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు నమూనాలు తేలింది అక్కడే. నిర్ధారణయితే ఒక కిలోమీటరు లోపల పక్షులను చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు.

చేతికర్ర:

మా వైపు సంతలో వలేసి పట్టిన పూరేళ్ళు, చిలుకలు కూడా గుట్టుగా అమ్ముతారు. వాటినీ నియమాల్లో చేర్చవచ్చా?

కొల్లేరు_కొంగ:

వద్దు, చేరిస్తే ఒప్పుకున్నట్టవుతుంది. ఫారంలో పెంచిన జపాన్ కౌజులు వేరు, అడవి పూరేళ్ళు, రామచిలుకలు, మునియాలు వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం నేరం. అటవీశాఖకు చెప్పండి. జబ్బు పరంగానూ అది చెడ్డ కలయికే. 2003లో అమెరికాలో ఘానా నుంచి పెంపుడు జంతువులుగా తెచ్చిన పెద్ద ఎలుకల పక్కన ఉడుతల జాతికి చెందిన ప్రెయిరీ డాగ్‌లను ఉంచారు. వాటికి మంకీపాక్స్ సోకింది, వాటిని కొన్నవాళ్ళలో, తాకినవాళ్ళలో 47 మందికి వచ్చింది. అక్కడ ఎవరూ దేన్నీ తినలేదు, పక్కపక్కన పెట్టడమే తప్పయింది.

సంత_బేరం:

అందరికీ ధన్యవాదాలండీ. చివరిది: ఇవన్నీ రాసిస్తాను సరే, అమలు ఎవరు చేస్తారు? కార్యదర్శి ప్రతి వారం సంతలో కూర్చోలేడు.

గంప_కింద_కోడి:

ఆశీలు (సంతలో వసూలు చేసే రుసుము) పాడుకున్నవాడు చేస్తాడు. సంత ఆశీలు ఏటా వేలం వేస్తారు కదా, షరతుల కాగితంలోనే పెట్టించండి. వేలమయ్యాక అడిగితే ఎవరూ వినరు, అందుకే సభ వేలానికి ముందే జరగాలి. ఇలా రాయొచ్చు: "బాతులు, కౌజులు, కోళ్ళకు కనీసం పది మీటర్ల దూరంలో వేర్వేరు వరసలు. సాయంత్రం 5 తరవాత సంత ఆవరణలో బతికున్న పక్షి ఉండరాదు. 6 లోపు నేల కడిగి బ్లీచింగ్ ద్రావణం పోయించవలెను. ఒక చేతి పంపు లేదా కుళాయి, రెండు బ్రష్షులు, పార, నెలకు 5 కిలోల బ్లీచింగ్ పొడి పాటదారు సమకూర్చుకొనవలెను. తప్పిన వారానికి ధరావతు నుంచి మినహాయింపు." మినహాయించే మొత్తం ఒక వారం కోళ్ళ వరస ఆశీలు కంటే ఎక్కువ ఉండాలి, తక్కువుంటే కట్టేసి ఊరుకుంటాడు. నీటి కుళాయి సంగతి ముందే చూసుకోండి. నీళ్ళు లేనిచోట పైన రాసినవేవీ నడవవు.